తల్లులున్న అనాథలు

నాలుగు నెలల కిందట ఒక సాహిత్య సభలో ఒక యువకథకుడు తన కథ చదివాడు. అనాథాశ్రమంలో పెరిగిన కుర్రవాడు చదువుకుని కలెక్టరవుతాడు. కారు దిగి ఆశ్రమానికి వచ్చి, తనకు తల్లీ తండ్రీ ఈ నాలుగు గోడలేనని చెప్పి, గుమ్మానికి మొక్కుతాడు. సభలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. నేను ఆ రంగంలో పనిచేస్తున్నానని తెలిసిన అధ్యక్షులు నా అభిప్రాయం చెప్పమన్నారు. "ఆ కుర్రవాడి తల్లి ఏమైంది?" అని అడిగాను. "అనాథ అన్నాను గదండీ" అన్నాడు కథకుడు. "అంటే చనిపోయిందా? ఎప్పుడు? దేనివల్ల?" అన్నాను. ఆ సంగతి తాను ఆలోచించలేదన్నాడు. కథకు అవసరం లేదని కూడా అన్నాడు.

ఆ తల్లి కథకు అవసరం లేదు. సినిమాకు అవసరం లేదు. ఆశ్రమానికి విరాళమిచ్చే దాతకు అసలే అవసరం లేదు. ఆమె లేకపోతేనే అందరికీ సౌకర్యం. ఆమె ఉనికిని ఇంతమంది కలిసి ఎట్లా మాయం చేస్తున్నారో, ఆ పనిలో నా చెయ్యి ఎంతవుందో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

పదకొండేళ్లుగా నేను పిల్లల పరిరక్షణ విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాను. ఇళ్లకు వెళ్లి విచారించడం, నివేదిక రాయడం, బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబడి చెప్పడం నా పని. కొన్ని వందల మంది పిల్లల వివరాలు నా చేత్తో రాశాను. వాళ్లలో తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయి, నా అనేవాళ్లు ఒక్కరూ లేని పిల్లల్ని లెక్కపెట్టబోతే రెండు చేతుల వేళ్లు మిగిలిపోతాయి. తక్కిన వాళ్లందరికీ తల్లి వుంది, లేదా అమ్మమ్మ వుంది, మేనమామ వున్నాడు. అయినా ఆశ్రమం బోర్డుమీద వాళ్లందరూ అనాథలే. పుట్టినరోజునాడు కేకు పట్టుకుని, ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చే పెద్దమనుషులకు కూడా అనాథలే. మీకు అమ్మ వుందా అని ఆ పిల్లల్ని అడిగిన దాతను నేనింతవరకు చూడలేదు.

ఇదేదో నా ఒక్కదాని అనుభవమని కొట్టివేయడానికి వీల్లేదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు దేశంలోని ఆశ్రమాలు, వసతి గృహాలు పిల్లల్ని ఇళ్లకు పంపించాయి. అప్పుడు సుప్రీంకోర్టుకు అందిన లెక్క ఇది: గృహాల్లో వున్న 2,27,518 మంది పిల్లల్లో 1,45,788 మందిని వాళ్ల కుటుంబాలకో సంరక్షకులకో అప్పగించారు. అనాథలైతే ఎవరికి అప్పగించారు? నూటికి అరవైమందికి పైగా పిల్లలకు అప్పగించడానికి మనుషులున్నారు గదా! అంతకుముందు ఆ మనుషులు ఎక్కడున్నారు? అదే సంవత్సరం సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషను ఎనిమిది రాష్ట్రాలకు లేఖ రాసింది, గృహాల్లోని పిల్లల్ని వంద రోజుల్లో ఇళ్లకు చేర్చమని. దేశంలో గృహాల్లో వున్న పిల్లల్లో అత్యధికులు ఈ ఎనిమిది రాష్ట్రాల్లోనే వున్నారు. ఆ జాబితాలో తెలంగాణా వుంది, ఆంధ్రప్రదేశూ వుంది. పిల్లలు ఇంట్లోనే పెరగాలన్న మాట మంచిదే. అయితే ఆ ఇంట్లో ఏం తిని పెరగాలో ఆ లేఖ తేల్చలేదు. డిసెంబరులో సుప్రీంకోర్టు కలుగజేసుకుని, అట్లా వెళ్లిన పిల్లల చదువుకు తలకు నెలకు 2,000 రూపాయలు ఇవ్వమని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

ఇక నా కథ చెబుతాను. ఇందులో కలెక్టరు లేడు.

2018 వేసవి. నగర శివార్లలో ఒక పెద్ద కట్టడం లేస్తున్నది. దాని ఎదుటి మేడలోనుంచి ఎవరో 1098కి ఫోను చేశారు, కూలీల రేకుల గదుల్లో ఇద్దరు పిల్లల్ని రోజూ తాళం వేసి వదిలిపోతున్నారని. ఫోను చేసినవారి ఉద్దేశంలో దోషం లేదు. మేము వెళ్లాం. మే నెల ఎండ. రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది. లోపల ఏడేళ్ల ఆడపిల్ల, రెండున్నరేళ్ల మగపిల్లవాడు. గిన్నెలో అన్నం, సీసాలో నీళ్లు వున్నాయి. కిటికీలోంచి ఆ ఆడపిల్లే మాతో మాట్లాడింది. పేరు చెప్పింది, తమ్ముడి పేరు చెప్పింది, ఊరి పేరు చెప్పింది. "మా అమ్మ పొద్దుమూకినంక వస్తది" అన్నది.

తల్లి పొద్దుమూకకముందే వచ్చింది, ఎవరో చెబితే పరుగెత్తుకుంటూ. చేతులకు సిమెంటు అట్లాగే వుంది. పాలమూరు జిల్లా మనిషి. భర్త రెండేళ్ల కిందట క్షయతో చనిపోయాడు. అతని వైద్యానికి గుంపుమేస్త్రి దగ్గర తెచ్చిన అప్పు తీర్చడానికి ఈమె గుంపులో చేరింది. పిల్లల్ని తాళం వేసి ఎందుకు పోయావని నేను గద్దించాను. అవును, గద్దించాను. ఆమె చెప్పిన జవాబు ఈనాటికీ నా చెవుల్లో వుంది: "తాళం ఎయ్యకపోతే పిల్లగాడు లిఫ్టు గుంతల పడ్తడు మేడం. తాళం ఏస్తే మీరొచ్చి తోలుకపోతరు. ఇగ నేనేం జెయ్యాలె? మీరే చెప్పున్రి."

నేనేమీ చెప్పలేదు. నివేదిక రాశాను. ఇంటి వాతావరణం అనే గడిలో అసురక్షితం అని రాశాను. తల్లిని గురించిన గడిలో నిర్లక్ష్యం అని రాశాను. రెండూ నా దస్తూరీలోనే వున్నాయి.

పిల్లల్ని ఇరవైనాలుగు గంటల్లోగా కమిటీ ముందు పెట్టాలి. పెట్టాం. కమిటీ సభ్యులు దుర్మార్గులేమీ కాదు. ఆనాడు వాళ్ల ముందు చాలా కేసులున్నాయి, మా కేసుకు కొన్ని నిమిషాలు దొరికాయి. నా నివేదిక చూశారు, నా మాట నమ్మారు. ఆడపిల్ల పెద్దది గనక బాలికల గృహానికి, పిల్లవాడు పసివాడు గనక శిశుగృహానికి పంపారు. నగరానికి ఆ కొస ఒకటి, ఈ కొస ఒకటి. పిల్లల్ని తిరిగి తీసుకోవాలంటే తల్లి తన చిరునామా రుజువు చేసుకోవాలి, సంపాదన రుజువు చేసుకోవాలి, తాను పనికి పోయినప్పుడు పిల్లల్ని చూసే మనిషిని చూపించాలి. ఆ మూడూ వుంటే ఆమె పిల్లల్ని రేకుల గదిలో పెట్టి తాళం ఎందుకు వేస్తుంది? సొంత జిల్లాకూ నగరానికీ మధ్య కాగితాలు తిరిగాయి. వచ్చిన ప్రతి వాయిదాకూ ఆమెకు ఒక రోజు కూలి పోయింది. తొమ్మిది నెలలు పట్టింది.

తొమ్మిది నెలల తరువాత పిల్లవాణ్ణి అప్పగించేరోజు నేను అక్కడే వున్నాను. వాడు తల్లి చేతుల్లోకి రాలేదు. ఆయా కొంగు పట్టుకుని ఏడ్చాడు. తల్లి ఏడవలేదు. వాడు తనవాడేనన్న సంతకం చేయడానికి వేలిముద్ర వేసింది. ఆడపిల్ల సంగతి వేరు. గృహంలో ఆ పిల్ల కొత్తవాళ్లతో మాట్లాడటం మానేసిందని వార్డెను చెప్పింది. బస్సు ఎక్కించేటప్పుడు ఆ పిల్ల నన్ను ఒక్కటే అడిగింది: "నేను కిటికీల నుంచి మాట్లాడినందుకేనా మేడం మమ్ములను తీస్కపోయింది?"

నేను రాసిన నిర్లక్ష్యం అనే మాటకు అర్థమేమిటో ఆనాడు నాకు తెలిసింది. ఎవరి నిర్లక్ష్యం? అప్పటికి అమల్లో వున్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు ఒక గది, వాళ్లను చూసుకునే మనిషి వుండాలి. ఆ కట్టడంలో ఎంతమంది స్త్రీలున్నారని నేను అడగలేదు. నా కాగితంలో ఆ ప్రశ్న లేదు. తరువాత విచారిస్తే తెలిసింది, అక్కడ నలుగురు గుంపుమేస్త్రీలున్నారనీ, ఎవరి లెక్క వాళ్లదేననీ, ఏ ఒక్కరి లెక్కలోనూ యాభైమంది స్త్రీలు లేరనీ. యాభై ఒకటో ఆడమనిషి ఏ మేస్త్రీకీ దొరకదు! కట్టడాలమీద నూటికి ఒక రూపాయి చొప్పున కార్మికుల సంక్షేమానికని సెస్సు వసూలు చేస్తారు. ఆ డబ్బు వేల కోట్ల రూపాయలు ఖర్చుగాక మూలుగుతున్నదని 2018 మార్చిలో సుప్రీంకోర్టే మందలించింది. ఆ మందలింపుకూ మేము రేకుల గది తాళం పగలగొట్టడానికీ మధ్య రెండు నెలలే తేడా. 2025 నవంబరు 21న ఆ పాత చట్టం పోయి వృత్తి భద్రత కోడు వచ్చింది. యాభై అనే అంకె అందులోనూ వుంది. ఈసారి స్త్రీపురుషులను కలిపి లెక్కించమన్నారు. లెక్క చెప్పేది మాత్రం మళ్లీ మేస్త్రీలే.

కనక ఆ గదిలో ముగ్గురు నేరస్థులున్నారు: పిల్లల గది కట్టని యజమాని, కట్టించని ప్రభుత్వం, అప్పుకింద మనిషిని కట్టేసుకున్న మేస్త్రి. నా నివేదిక నాలుగో మనిషికి శిక్ష వేసింది.

ఇదంతా చట్టం సరిగా అమలు జరగక వచ్చిన చిక్కని కొందరంటారు. సగమే నిజం. 2015 నాటి బాలల న్యాయ చట్టం మూడో సెక్షను చక్కని సూత్రాలు చెబుతుంది. పిల్లల్ని పెంచే బాధ్యత మొదట కుటుంబానిదేననీ, సంస్థలో వుంచడం చిట్టచివరి మార్గంగానే జరగాలనీ అంటుంది. పేదరికమొక్కటే కారణంగా బిడ్డను తల్లిదండ్రులనుంచి వేరుచేయరాదని 2009లో ఐక్యరాజ్యసమితి సాధారణసభ ఆమోదించిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మంచిది. కాని అదే చట్టం రెండో సెక్షనులో సంరక్షణ అవసరమైన బిడ్డ అంటే ఎవరో చూడండి. ఇల్లూ స్థిరమైన నివాసమూ లేని బిడ్డ, బతకడానికి కనిపించే ఆధారం లేని బిడ్డ, వీధిలో బతికే బిడ్డ, అడుక్కునే బిడ్డ, పనిచేస్తూ దొరికిన బిడ్డ. హింసకు గురైన బిడ్డ కూడా ఆ జాబితాలో వుంది, కాదనను. అయితే ఇల్లు లేకపోవడం, ఆధారం లేకపోవడం ఏ జబ్బుకు లక్షణాలు? ఈ దేశంలో దానికి పేదరికమని పేరు. చట్టం దాన్ని బిడ్డ లక్షణంగా రాసుకుంది. జబ్బు ఊరిది, మందు బిడ్డకు!

ఈ ఆలోచన మన ఇంట పుట్టింది కూడా కాదు. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం తిండిలేనివాళ్లను పనిగృహాల్లో చేర్చి, భర్తను భార్యనుంచి, పిల్లల్ని తల్లినుంచి విడదీసి వుంచింది. చార్లీ చాప్లిన్ ఏడేళ్లవాడుగా 1896లో తల్లితో, అన్నతో లాంబెత్ పనిగృహంలో చేరి, అక్కడినుంచి తల్లికి దూరంగా వున్న పేదపిల్లల బడికి వెళ్లవలసి వచ్చినవాడే. 1921లో అతను తీసిన 'ది కిడ్' చిత్రంలో అధికారులు పిల్లవాణ్ణి లాక్కుపోయే ఘట్టం చూసి మనమందరం ఏడుస్తాం, ఇళ్లకప్పులమీదుగా పరుగెత్తే ఆ బికారి పక్షాన నిలబడతాం. బయటకు వచ్చాక మాత్రం లాక్కుపోయే బండి పక్షానే వుంటాం. 1920లో మద్రాసు ప్రభుత్వం చేసిన పిల్లల చట్టం మన దేశంలో ఆ తరహా చట్టాల్లో మొదటిది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధాని కిందివే. తెల్లవాడు పోయి ఇన్నేళ్లయినా, బీదవాడి బిడ్డ విషయంలో మన మొదటి ఆలోచన ఇప్పటికీ అదే: ఎక్కడ చేర్పిద్దాం?

మరి తల్లికి సాయం చేసే పథకమే లేదా? వుంది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ పేరుతో తలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. వితంతువుల పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథలకు, ప్రాణాంతకమైన జబ్బు పడ్డవారి పిల్లలకు వర్తిస్తుంది. మంచి పథకం. అది అందిన ఇళ్లల్లో పిల్లలు ఇంట్లోనే వుండి చదువుకోవడం నా కళ్లతో చూశాను గనక అంటున్నాను. కాని దాని గుమ్మం ఎంత ఇరుకో చూడండి. పల్లెలో కుటుంబాదాయం ఏడాదికి 72,000 రూపాయలు మించకూడదు, పట్టణంలో 96,000 మించకూడదు. కూలిమనిషికి రోజుకు నాలుగువందల చొప్పున నెలకు ఇరవై రోజులు పని దొరికిందనుకోండి, ఏడాదికి సరిగ్గా 96,000 అవుతుంది. ఇంకొక్క రోజు పనికి పోతే ఆమె మన ప్రభుత్వం దృష్టిలో కలిగిన మనిషి! ఆ ఆదాయం తక్కువని రుజువు చేయడానికి ధ్రువపత్రం కావాలి, దానికి వలసపోయిన ఊరినుంచి సొంత ఊరికి రావాలి, వస్తే కూలి పోతుంది, ఆ విధంగా ఆదాయం నిజంగానే తక్కువవుతుంది.

ఎట్లా చనిపోవాలో కూడా బీదవాడు చూసుకుని చనిపోవాలి. కోవిడ్‌తో తల్లిదండ్రులిద్దరూ పోయిన పిల్లలకు 2021లో కేంద్రం ఒక పథకం ప్రకటించింది. ఇరవైమూడేళ్లు వచ్చేసరికి పది లక్షల రూపాయలు చేతికి వచ్చే ఏర్పాటు అందులో వుంది. నేనా పిల్లలకు ఇవ్వవద్దనను. క్షయతో పోయినవాడి బిడ్డ, కట్టడం మీదినుంచి పడి చచ్చినవాడి బిడ్డ, అప్పులకు పురుగుమందు తాగినవాడి బిడ్డ ఏం పాపం చేశారు? కోవిడ్ మేడల్లోకి కూడా వచ్చిన జబ్బు, క్షయ అంతగా రాదు. తేడా అంతకన్న నాకు కనిపించదు.

పెంపకం మాట కూడా చెప్పుకోవాలి. ఫోస్టర్ కేర్ అని చట్టంలో నలభైనాలుగో సెక్షను వుంది. సంబంధంలేని కుటుంబంలో బిడ్డను కొంతకాలం పెంపకానికి వుంచడం దాని సారం. దానికీ నెలకు 4,000 ఇస్తారు. పెళ్లికాని వాళ్లూ, వితంతువులూ, విడాకులు పొందినవాళ్లూ కూడా పెంచవచ్చునని 2024లో మార్గదర్శకాలు సవరించారు. ఇదీ మంచిదే. కాని మన పల్లెల్లో తల్లి వలసపోయినా, చనిపోయినా బిడ్డను పెంచుతున్నది ఎవరు? అమ్మమ్మ. కంటికి శుక్లాలు వచ్చి, ఉపాధి పనికి పోయి, పింఛను డబ్బుతో మనవల్ని సాకుతున్న అమ్మమ్మ ఈ దేశంలో అతి పెద్ద బాలల సంరక్షణ సంస్థ. ఆమెకు బోర్డు లేదు, విరాళాల పుస్తకం లేదు. యశోదమీద పాటలు కట్టిన జాతి మనది. ఆ యశోద రేషను కార్డులో మనవడి పేరు ఎక్కించడానికి ఎన్నిసార్లు తిరగాలో ఏ పాటలోనూ లేదు.

ఇప్పుడు మన వాళ్ల సంగతి. అధ్యాపకుడొకాయన, ఊరేగింపుల్లో నా పక్కన నడిచిన మనిషి, ఒకరోజు ఫోను చేశాడు. "మీ దగ్గర పదీ పన్నెండేళ్ల ఆడపిల్ల ఎవరైనా వుంటే చెప్పండి. ఇంట్లో మనిషిలా చూసుకుంటాం, చదివిస్తాం" అన్నాడు. "మగపిల్లవాడైతే?" అన్నాను. "మగపిల్లవాడు మాకెందుకండీ?" అన్నాడు నిష్కపటంగా. ఆయనకు కావలసింది బిడ్డ కాదు, గిన్నెలు తోమే చెయ్యి. ఆయన చెడ్డవాడు కాదు, అందుకే చెబుతున్నాను. అనాథ అన్న మాట ఆయన్ను అంత నిశ్చింతగా అడగనిచ్చింది. తల్లి వున్న పిల్లను ఆ మాట అడగడానికి ఆయనకే నోరు రాదు.

ఈ మాటకు బేరం కూడా వుంది. 1999లోనూ 2001లోనూ హైదరాబాదులో దత్తత కుంభకోణాలు బయటపడ్డాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల తండాల్లో కరువుతో మాడుతున్న లంబాడీ తల్లులనుంచి ఆడశిశువులను దళారులు కొద్ది డబ్బుకు కొని, విదేశీ దత్తతలకు సరఫరా చేశారు. తల్లీ తండ్రీ తండాలో బతికే వున్నారు. బిడ్డ మాత్రం కాగితంమీద దిక్కులేనిది. అనాథ పుట్టదు, తయారవుతుంది. తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, కళ్లు తుడుచుకునేవాళ్లు అందరూ వున్నారు.

దీనిమీద నాకు మూడు అభ్యంతరాలు ఎదురయ్యాయి.

మొదటిది: తల్లులందరూ దేవతలా? కారు. కన్నతండ్రే చెరిచిన పిల్లను నేను ఇంటినుంచి తెచ్చాను. సవతితల్లి వాతలు పెట్టిన పిల్లవాణ్ణి తెచ్చాను. పద్నాలుగేళ్లకు పెళ్లిపీటలమీద కూర్చోబెట్టిన పిల్లను లేవదీసి తెచ్చాను. రేపు అట్లాంటిది ఎదురైతే ఆ రాత్రే తెస్తాను, ఎవరు అడ్డువచ్చినా సరే. నా ఫిర్యాదల్లా ఒకటే. తాళం వేసిన తల్లికీ వాతలు పెట్టినవాడికీ ఒకే కాగితం, ఒకే గడి, ఒకే మాట వాడుతున్నాం. పేదతల్లుల వెంట తిరగడంలోనే మా కాలమంతా పోతే, నిజంగా ప్రమాదంలో వున్న పిల్ల దగ్గరకు మేము ఆలస్యంగా చేరతాం. ఇంకొకటి. ఈ పదకొండేళ్లలో లిఫ్టు వున్న ఇంటిమీద నేనొక్క నివేదికా రాయలేదు. అక్కడ పిల్లల్ని కొట్టరనా? అక్కడ వంటింట్లో పదేళ్ల పనిపిల్ల వుండదనా? కాదు, గేటు దగ్గర కాపలావాడుంటాడు గనక.

రెండో అభ్యంతరం మన విద్యార్థి మిత్రులది. "ఇదంతా పుండుమీద పట్టీ. వ్యవస్థ మారితే గాని ఇవి పోవు" అంటారు. వ్యవస్థ మారాలనడంలో నాకు భేదం లేదు. కాని వ్యవస్థ మారేదాకా ఆ పిల్లవాడు రెండున్నరేళ్లవాడుగానే వుండడు. కట్టడం దగ్గర పిల్లల గది కావాలన్న కోరిక మన కార్మిక సంఘాల కోర్కెల పత్రంలో ఎన్నో అంకె? చాలా పత్రాల్లో ఏ అంకే కాదు. కూలి పెంపు మగవాడి కోర్కె, పిల్లల గది ఆడవాళ్ల గొడవ అనుకున్నంత కాలం మనం వ్యవస్థను మార్చే పనిలో సగం మనుషుల్ని బయట వదిలినట్టే.

మూడోది పండితులది. సామూహిక జీవనంలో పిల్లలు బాగుపడతారని మకరెంకో నిరూపించాడు గదా అంటారు. మకరెంకో 1920లో పోల్తావా దగ్గర కాలనీ పెట్టింది యుద్ధం, అంతర్యుద్ధం వీధుల్లో పడేసిన పిల్లల కోసం. తల్లి ఒళ్లోంచి లాక్కొచ్చిన పిల్లల కోసం కాదు. అక్కడి పిల్లలు తమ కాలనీ వ్యవహారాన్ని తామే నడుపుకున్నారు, దాతల కేకు కోసం వరసలో నిలబడలేదు. మన వైపు మచ్చ లేదా అంటే, వుంది. రుమేనియాలో 1966లో గర్భస్రావాన్ని నిషేధించి, పెంచే స్తోమతు లేని కుటుంబాల పిల్లలతో ప్రభుత్వ గృహాలు నింపారు. 1989 తరువాత ప్రపంచం చూసిన ఆ మంచాల వరసల్లోని పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులున్నారు. ఎర్రజెండా ఎగిరినంత మాత్రాన గృహం ఇల్లు కాదు. ఈ మాట మనమే చెప్పాలి, ఇతరులు చెప్పేదాకా ఆగకూడదు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననూ తిననివ్వదు అని సామెత. ఈ సామెతలోని అమ్మ ఎవరో నాకు ఉద్యోగంలో చేరాకనే తెలిసింది. తల్లికి పనిచోట గది కట్టి పెట్టదు, నెలకు నాలుగువేలు సమయానికి ఇవ్వదు, తన చేతనైనట్టు తాళం వేసుకుని కాపాడుకుంటే ఓర్వదు. ఆ అమ్మ తరఫున పోయి తలుపు తట్టేదాన్ని నేను.

2019నుంచి నేనొక పని చేస్తున్నాను. ప్రతి నివేదికకూ విడిగా ఒక కాగితం జతపరుస్తున్నాను. తల్లికి పని ఇచ్చిందెవరు, రోజుకూలి ఎంత, పని దగ్గర పిల్లల గది వుందా, లేకపోతే ఎవరు కట్టాలి, ఆమెకు రావలసిన పింఛనుగాని స్పాన్సర్‌షిప్‌గాని ఏ బల్లమీద ఎన్నాళ్లుగా ఆగింది, ఇవన్నీ అందులో రాస్తాను. నమూనాలో లేనివి జతచేయవద్దని నాకొక మెమో వచ్చింది. నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం గనక ఆ మెమోకు బరువు ఎక్కువ. అయినా జతపరుస్తున్నాను. కమిటీలో ఒకరిద్దరు చదువుతున్నారు. కొందరు పిల్లలు ఇంటికే పోతున్నారు, ఆశ్రమానికి బదులు. ఇది విప్లవం కాదు, ఒక కాగితం.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీ హాజరు పట్టీలో వరసగా పది రోజులు గైరుహాజరు పడిన పేరును అందరికన్న ముందు చూసేది మీరు. ఆ పేరు కొట్టివేయకముందు ఇంటికి వెళ్లండి. తల్లి ఏ గుంపుతో పోయిందో, బిడ్డ ఎవరి దగ్గర వుందో ఆ రోజు తెలిస్తే మాదాకా రాకుండానే చక్కబడే కేసులు చాలా వున్నాయి. విద్యార్థులకు ఒక విన్నపం. ఆశ్రమంలో బట్టలు పంచడానికి పోయే ఆదివారం, ఒక వితంతువు వెంట ఆదాయ ధ్రువపత్రం కోసం పొండి. ఫోటోకు పనికిరాదు, బిడ్డకు పనికివస్తుంది.

కిందటి ఏడు పాలమూరు పక్క ఊళ్లో ఆ తల్లి ఎదురైంది. అప్పు తీరలేదు గాని నగరం మానేసింది. కూతురు పెద్దదైంది, హైస్కూలులో చదువుతున్నది. నన్ను చూసి గుర్తుపట్టింది. పేరు పెట్టి పలకరించాను. పలకలేదు. కిటికీ దగ్గర నిలబడి అడిగినవన్నీ చెప్పిన పిల్ల అది. ఆ పిల్లకు తల్లి వున్నదని ఆనాడే నాకు తెలుసు, తెలిసీ రాయలేదు.

కనక యువకథకుడికి నేను మళ్లీ చెబుతున్నాను. మీ కలెక్టరును కారు దిగనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కాని ఆశ్రమం గుమ్మానికి మొక్కే ముందు లోపలికి పోయి దస్త్రం తెరిపించమనండి. తన పేరు కింద తల్లి పేరు వుంటుంది. ఆమె ఊరు వుంటుంది. ఆమె చేసిన తప్పు ఏమిటో నాబోటి గుమస్తా రాసిన ఒక మాట వుంటుంది. కథ అక్కడ మొదలుపెట్టండి.